మన నిజనిర్ధారణ నివేదికలు ఎలా ఉండాలి?

ఒక ముస్లిం యువకుణ్ణి పోలీసులు తీసుకుపోయిన మరునాడే అతడు ఉగ్రవాది అని మొదటి పుటలో అచ్చవుతుంది. కొన్నేళ్లకు న్యాయస్థానం నిర్దోషి అని విడిచిపెడితే ఆ వార్త లోపలి పుటలో నాలుగు పంక్తులకు మించదు. ఈ బాధను మన పత్రికలు చాలాకాలంగా చెబుతూనే ఉన్నాయి. చెప్పడంలో తప్పులేదు. అయితే ఆ కుటుంబానికి తొలి వారంలో అక్కరకు వచ్చేది మన ఆవేదన కంటె ఎదుటివారు కాదనలేని వివరాలు గల ఒక నివేదిక. అటువంటిది తయారుచేసే అలవాటు మన సంఘాలలో తక్కువ అని, దస్త్రాల మధ్యనే ఉద్యోగజీవితం గడిపిన మాకు తరచు అనిపిస్తుంది.

మక్కా మసీదు ఉదంతం మనందరికీ తెలిసినదే. 2007 మే 18, శుక్రవారం నాటి పేలుడులో 9 మంది, ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పులలో 5 మంది ప్రాణాలు కోల్పోయారు. తరువాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయి హింసించారన్న ఫిర్యాదులు వచ్చాయి. రాష్ట్ర మైనారిటీల కమిషన్ న్యాయవాది ఎల్. రవిచందర్‌ను విచారణకు నియమించింది. ఆయన చర్లపల్లి జైలుకు వెళ్లి నిర్బంధితులతో స్వయంగా మాట్లాడి, వారి శరీరాల మీది గుర్తులను గమనించి నివేదిక ఇచ్చారు. సభలలో చేసిన ప్రసంగాలన్నీ గాలిలో కలిసిపోయినా ఆ నివేదిక నిలిచింది. 2012లో ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవైవేల వంతున. ఆ పరిహారాన్ని తరువాత హైకోర్టు కొట్టివేయడం వేరే దుఃఖం.

కథ అక్కడితో ముగియలేదు. సీబీఐ, పిమ్మట ఎన్ఐఏ దర్యాప్తు మరొక బృందం వైపు మళ్లింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం ఆ కేసులో స్వామి అసీమానంద్ సహా ఐదుగురిని నిర్దోషులుగా విడుదల చేసింది. ఈ తీర్పును మనం విమర్శించవచ్చు, దర్యాప్తులోని లోపాలను ఎత్తిచూపవచ్చు. కాని ఆ ఐదుగురిని దోషులు అని మన పత్రికలో వ్రాయరాదు. మన పిల్లలకోసం ఏ న్యాయాన్ని అడిగామో అది ఇతరులకూ వర్తించాలి. ఈ మాట మన మిత్రులలో కొందరికి రుచించదని మాకు తెలుసు.

అరెస్టు సంగతులు వ్రాసేవారు మొదట కనిపెట్టవలసినది తేదీ, సమయం. డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అరెస్టు మెమోలో తేదీ, వేళ ఉండాలి. కుటుంబసభ్యుడో స్థానికుడో సాక్షి సంతకం చేయాలి. 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని రాజ్యాంగమే చెబుతున్నది. బుధవారం రాత్రి తీసుకుపోయి శనివారం అరెస్టు చూపిస్తే, మధ్యనున్న ఆ రెండు మూడు రోజులే అసలు వార్త. దానిని నిరూపించేది తల్లి కన్నీరు కాదు. గురువారం ఉదయం ఆమె ఎస్పీకి పంపిన ఫిర్యాదు తాలూకు స్పీడుపోస్టు రశీదు. వెనుకటికి తంతి రశీదు ఆ పని చేసేది. ఎఫ్ఐఆర్‌ను 24 గంటలలో పోలీసు వెబ్‌సైటులో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉగ్రవాదం వంటి కేసులకు మినహాయింపు ఉన్నది గనుక అక్కడ కనిపించకపోతే న్యాయవాది ద్వారా నకలు కోరాలి.

మా చోడవరం ప్రాంతపు చెరకు రైతు గోవాడ చక్కెర కర్మాగారానికి తోలిన ప్రతి బండి తూకం చీటీనీ దాచుకుంటాడు. బకాయి అడిగేనాడు అదే అతని నోరు. ఈపాటి జాగ్రత్త మన కమిటీలకు ఎందుకు ఉండరాదు?

కార్యాలయాలలో ఏ కాగితం ఎన్నాళ్లు బతుకుతుందో కూడా తెలిసి ఉండాలి. ఎల్.డిస్. అని ముగించిన దస్త్రం ఏడాదికే నశిస్తుంది, డి.డిస్. పదేళ్లు ఉంటుంది, ఆర్.డిస్. శాశ్వతం. కనుక సమాచార హక్కు దరఖాస్తును తీరిక దొరికినప్పుడు వేద్దామని ఆగరాదు. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో జవాబు రావాలి. ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడిగితే జవాబు రాదు. ‘ఫలానా తేదీన అందిన అర్జీపై నోట్‌ఫైలు నకలు ఇవ్వండి’ అని అడగాలి. 2022 ఏప్రిల్ నుండి చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పాత దస్త్రాలు విశాఖలో ఉండవచ్చు. దరఖాస్తు ఒకచోటికి బదులు మరొకచోటికి చేరినా 5 రోజులలో సరియైన కార్యాలయానికి బదలాయించవలసిన బాధ్యత సెక్షన్ 6(3) కింద వారిదే.

వక్ఫు భూముల విషయంలో మన బలహీనత మరీ ఎక్కువ. మణికొండ దర్గా భూముల కేసులో 1,654 ఎకరాలను వక్ఫు ఆస్తిగా చూపినది 2006 నాటి సవరణ ప్రకటన. అది చెల్లదని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ‘ఇది వక్ఫు భూమి’ అని వ్రాసే ముందు గెజిటు, ఇనాం ఫెయిర్ రిజిస్టరు, జమీందారీ గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఈసీ, అన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. సర్వే నంబరు ఒకదానికొకటి పొసగకపోతే ఆ సంగతినీ వ్రాయాలి. ఆక్రమణదారు పేరు వ్రాసేటప్పుడు ముతవల్లి ఏటేటా లెక్కలు సమర్పించాడా, దుకాణాలను ఎవరికి ఎంత అద్దెకు ఇచ్చాడు అనే ప్రశ్నలు వదిలిపెడితే అది దర్యాప్తు కాదు, బంధుప్రీతి.

అమెరికాలో నల్లజాతి పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్ 1895లో మూకహత్యలపై తన పుస్తకం వెలువరించినప్పుడు, అంకెలను తెల్లవారి పత్రిక చికాగో ట్రిబ్యూన్ నుండే తీసుకున్నది. అతిశయోక్తి అనే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. మనకు పోలీసు కాగితం, రెవెన్యూ కాగితం, కోర్టు కాగితం అటువంటివే.

ఇక ఎదుటిపక్షం. పోలీసు అధికారినైనా ఆక్రమణదారునైనా వ్రాతపూర్వకంగా వివరణ అడగాలి; వారమైనా గడువివ్వాలి; ఇచ్చిన జవాబును కుదించకుండా అచ్చువేయాలి. ఇవ్వకపోతే అడిగిన తేదీ వేయాలి. బాధితురాలు స్త్రీ అయితే ఆమె పేరే కాక, వీధి, తండ్రి వృత్తి కూడ బయటపెట్టకూడదు. చిన్న ఊళ్లో ఆ రెండూ చాలు, గుర్తుపట్టడానికి.

ఎవరైనా పత్రికవారు మనపై అసత్యం వ్రాస్తే, కత్తిరింపు కాక తేదీతో కూడిన పూర్తి పుటను భద్రపరచండి. మొదట సంపాదకునికి లేఖ వ్రాసి నకలు ఉంచుకోండి. దినపత్రిక, వారపత్రికలపై ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయడానికి గడువు ప్రచురణ తేదీ నుండి 2 నెలలు, మాసపత్రికలపై 4 నెలలు. టీవీ ఛానెళ్లు ఆ కౌన్సిల్ పరిధిలోకి రావు.