కొత్త ఫోన్ కొనే ముందు: పత్తి చేను గట్టు మీద నుంచి ఒక పోలిక



పత్తి పైసలు చేతికొచ్చే నెలల్లో మన దగ్గర రెండు రకాల షాపులు నిండుతయి. ఒకటి బట్టల షాపు, ఇంకొకటి సెల్ షాపు. గూడూరు నుంచి నర్సంపేట పోయినా, మానుకోట పోయినా ఇదే కథ. ఆ నెలల్లోనే నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న జీవామృతం గురించి ఉండదు. "అన్నా, 20 వేల లోపు మంచి ఫోన్ ఏదో చెప్పు" అని ఉంటది.

ఒక పేరు చెప్తే నిమిషంలో అయిపోతది. కానీ నేను పేరు చెప్పను. పక్క చేన్ల బాగా కాసిందని అదే గింజ తెచ్చి మన చౌడు నేలల పెడితే ఏమైతదో మనకు తెలుసు. ఫోన్ కూడా అంతే. పోలిక వీడియోలు యూట్యూబ్‌లో వందల్లో ఉన్నయి. చల్లటి గదిలో కూర్చొని, గేమ్ ఆడి, రాత్రి పూట బిల్డింగుల ఫొటోలు తీసి మార్కులు వేస్తరు. వాళ్ల పనికి ఆ మార్కులు సరైనవే. మనకు మాత్రం నెత్తి మీద ఎండ, చేతికి మట్టి, దూరంగా టవర్. అందుకే నా అభిప్రాయం ఒక్కటే: పోలిక మన పని మీద, మన చోట, మనమే చెయ్యాలె.

ముందు ధరను పత్తిలో లెక్క పెట్టండి

2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది కూడా తేమ 8 శాతం ఉంటేనే. అంతకు మించి 12 శాతం దాకా కోత పడుతది. ఆ లెక్కన 25 వేల ఫోన్ అంటే మూడు క్వింటాళ్ల పైన పత్తి. 2025 సెప్టెంబర్‌లో ట్రాక్టర్ల మీద, డ్రిప్ సామాన్ల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. ఫోన్ మీద మాత్రం 18 శాతం అట్లనే ఉంది. ఎరువు, పురుగుమందు ఖర్చు తగ్గించుకోవాలని ప్రకృతి సేద్యంలోకి వచ్చినోళ్లం. ఆ మిగిలిన పైసలు తెలియకుండానే ఫోన్ కిస్తీల్లోకి పోతే సేద్యం మార్చిన లాభం ఎక్కడున్నట్టు?

అట్లని ఫోన్ వద్దని నేను అనను. ఇప్పుడు అది నాగలి, స్ప్రేయర్ లెక్కనే పనిముట్టు. 2025-26 నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకొని స్లాట్ పెట్టుకోవాలె. పీఎం కిసాన్ ఈ-కేవైసీ 2023 నుంచి ముఖం చూపించి కూడా చెయ్యొచ్చు. బ్యాంకు ఓటీపీ, వాన కబురు, పిడుగుల కోసం దామిని యాప్, అన్నీ దాంట్లోనే. పని ఆగే ఫోన్ ఉన్నా నష్టమే, పనికి మించిన ఫోన్ ఉన్నా నష్టమే.

పాతది నిజంగా పోయిందా?

"ఫోన్ స్లో అయింది" అని తెచ్చే పది మందిలో చాలామందికి అసలు సమస్య స్టోరేజీ నిండడం. వాట్సాప్ గ్రూపుల గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేయండి. మాట సరిగ్గా వినపడకపోతే ముందు మైక్ రంధ్రంలో దుమ్ము చూడండి. ఛార్జింగ్ నిలవకపోతే బ్యాటరీ మార్చండి. ఈ మూడు చేసినా పని కాకపోతేనే, లేదా కంపెనీ అప్డేట్లు ఆపేసి బ్యాంకు యాప్‌లు నడవకపోతేనే, కొత్తదాని గురించి ఆలోచించండి. 2025 మొదట్లో పాత ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది గదా, అసొంటి పరిస్థితి వస్తే మార్చక తప్పదు.

డబ్బా మీద అంకెలు ఏం చెప్తయి, ఏం దాస్తయి

మెగాపిక్సెల్: 50 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా నాలుగు చుక్కలను ఒకటి చేసి 12.5 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తది. 108 ఉన్నది తొమ్మిది చుక్కలు కలిపి 12 ఇస్తది. అంటే అంకె రెండింతలైనంత మాత్రాన ఫొటో రెండింతలు కాదు. ఇక డబ్బా మీద కెమెరాల సంఖ్య పెంచడానికి పెట్టే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాను లెక్కలోకే తీసుకోకండి. 2021లో మిరప పూతను నాశనం చేసిన నల్ల తామర పురుగు గుర్తుందిగా, అది ఒక మిల్లీమీటరు ఉంటది. ఆ 2 మెగాపిక్సెల్‌తో తీస్తే పురుగుకు, మట్టి మరకకు తేడా తెలియదు. అసలు కెమెరాతోనే అడుగు దూరం నుంచి 2ఎక్స్ పెట్టి తీస్తే మేలు. కొన్ని వందల రూపాయల క్లిప్ లెన్స్ తగిలిస్తే ఇంకా మేలు.

వెలుగు: స్క్రీన్ వెలుగును నిట్స్‌లో చెప్తరు. "పీక్" అని రాసే పెద్ద అంకె స్క్రీన్‌లో చిన్న ముక్కకు, కొద్దిసేపటికి వర్తించేది. మొత్తం తెర ఎండలో ఎంత వెలుగుతదో వేరే అంకె ఉంటది, దాన్ని అడగండి. ఇంకో సంగతి, ఫోన్ వేడెక్కితే తనంతట తానే వెలుగు తగ్గించుకుంటది. ఐఫోన్ తయారుచేసే ఆపిల్ కంపెనే 35 డిగ్రీల లోపు వాడమని రాస్తది. మన మే నెల ఎండ ఏపాటిదో మీకు చెప్పేదేముంది.

ర్యామ్: "8+8 జీబీ" అని రాస్తే అసలు ర్యామ్ 8 మాత్రమే. రెండో 8 స్టోరేజీ నుంచి అప్పు తెచ్చింది, అసలు దానంత వేగం ఉండదు. దానికన్నా స్టోరేజీ రకం చూడండి. ఈఎంఎంసీ కన్నా యూఎఫ్ఎస్ వేగంగా ఉంటది. రెండేండ్ల తర్వాత తేడా తెలుస్తది.

ఐపీ నంబరు: ఐపీ అక్షరాల పక్కన రెండు అంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. ఐపీ 54 అంటే చిందిన నీళ్లకు తట్టుకుంటది, కాల్వల పడితే హామీ లేదు. ఐపీ 67 అంటే మీటరు లోతు మంచి నీళ్లలో అరగంట. ఆ పరీక్షలు మంచి నీళ్లతో చేస్తరు, జీవామృతం డ్రమ్ముతో చెయ్యరు. నీళ్లు పోయి చెడితే చాలా కంపెనీల వారంటీ వర్తించదు. కనుక ఐపీ నంబరు ఉన్నా జేబులో పాలిథిన్ కవరు ఉండాలె.

షాపు బయటికి రండి

సేద్యంలో రెండు పద్ధతులను పోల్చాలంటే ఏం చేస్తం? ఒకే నేల, ఒకే గింజ, ఒకే నీళ్లు పెట్టి, ఒక్కటి మాత్రమే మారుస్తం. ఫోన్లకూ ఇదే సూత్రం. రెండు మూడు డెమో ఫోన్లు అడిగి, షాపు ముందు ఎండల ఒకే చోట నిలబడి చూడండి. ఇవ్వనంటే ఇంకో షాపుకు పోండి, కొనేది మనం.

మొదటిది, మధ్యాహ్నం ఎండలో వాట్సాప్ తెరిచి చిన్న అక్షరాలు చదవండి. ముసలి నాయన వాడే ఫోనైతే ఆయన్నే చదవమనండి.

రెండోది, ఒకే ఆకును రెండు ఫోన్లతో తీయండి. ఆకు పై భాగం, వెనక భాగం, రెండూ. తీసింది మీ సొంత నంబరుకు వాట్సాప్‌లో పంపి, మీ పాత ఫోన్‌లో చూడండి. మనం పురుగు ఫొటో పంపితే అవతలివాళ్లకు కనపడేది అదే, షోరూం ఫోన్‌లో మెరిసేది కాదు.

మూడోది, వేలు తడిపి స్క్రీన్ మీద ఆడించండి. తర్వాత మీ వేలిముద్ర పెట్టించి పది సార్లు తెరిచి చూడండి. కలుపు తీసి, పత్తి ఏరి అరిగిన వేళ్లకు రేషన్ షాపు మిషన్ దగ్గర ఎంత ఇబ్బంది అయితదో తెలిసిందే. కొన్ని ఫోన్ల సెన్సర్లు కూడా అట్లనే సతాయిస్తయి.

నాలుగోది, మీ సిమ్ వేసి రోడ్డు పక్క నిలబడి కాల్ చేయండి. లారీ పోతుంటే అవతలివాళ్లకు మీ మాట వినపడుతుందో అడగండి.

ఇవన్నీ కలిపి పావుగంట పని. మూడు క్వింటాళ్ల పత్తికి పావుగంట ఎక్కువ కాదు.

సిగ్నల్ లేని 5జీ ఎందుకు?

అడవి అంచు తండాల్లో ఉండేవాళ్లు 5జీ అనే మాట ఒక్కటి చూసి కొనకండి. ఏ బ్యాండ్లు పడుతయో చూడండి. 700 మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతది, గోడలు, చెట్లు దాటి కొంత లోపలికి వస్తది. జియో 5జీకి అది ఎన్28 పేరుతో ఉంటది, బీఎస్ఎన్ఎల్ 4జీకి బీ28 పేరుతో ఉంటది. ఫోన్ వివరాల పేజీలో ఈ పేరు ఉందో లేదో చూడడానికి ఒక నిమిషం చాలు. అంతకన్నా ముందు మన బావి దగ్గర ఏ సిమ్ పనిచేస్తదో ఇరుగు పొరుగును అడగండి. సిమ్ సరిగ్గా లేకుంటే 50 వేల ఫోన్ కూడా టార్చిలైటే.

ధరను ఏండ్లతో భాగించండి

12 వేల ఫోన్ రెండేండ్లు నడిస్తే ఏడాదికి 6 వేలు. 18 వేల ఫోన్ ఐదేండ్లు నడిస్తే ఏడాదికి 3,600. చవక అంటే ఏది? ఐదేండ్లు నడవాలంటే రెండు ఉండాలె: అప్డేట్లు, రిపేరు.

అప్డేట్లు ఎన్నేండ్లు ఇస్తరో కంపెనీలు ఇప్పుడు ముందే చెప్తున్నయి. 2024లో 20 వేల లోపు వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి సామ్‌సంగ్ ఆరేండ్లు చెప్పింది. అది కొనమని చెప్పడం లేదు. ఆ ధరలో అన్నేండ్లు ఇవ్వొచ్చు అని తెలిస్తే, రెండేండ్లే ఇస్తనన్న కంపెనీని ఎందుకని అడగొచ్చు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి రూలే పెట్టిన్రు: ఆ మోడల్ అమ్మకం ఆపిన తర్వాత కనీసం ఐదేండ్లు అప్డేట్లు ఇవ్వాలె, బ్యాటరీ 800 సార్లు నిండి దిగినా 80 శాతం సత్తువ ఉండాలె. మనం కూడా కొనేటప్పుడు ఈ రెండు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోవాలె.

రిపేరు సంగతికొస్తే, సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కొనకముందే కనుక్కోండి. హనుమకొండ పోయి ఇచ్చి, మళ్లీ పోయి తెచ్చుకుంటే రెండు రోజుల కూలి పాయె. స్క్రీన్ మార్చడానికి, బ్యాటరీ మార్చడానికి ఎంతో అడిగి, కాగితం మీద రాసుకొని పోల్చండి.

కిస్తీల గురించి ఒక మాట. "సున్నా వడ్డీ" అనేది లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ప్రాసెసింగ్ ఫీజులో దాగి ఉంటది, లేదంటే నగదుకు ఇచ్చే తగ్గింపు మీకు ఇవ్వరు. నగదుకు ఎంత, కిస్తీకి మొత్తం ఎంత, రెండూ అడగండి. మనకు ఆమ్దానీ నెల నెలా రాదు, కిస్తీ మాత్రం నెల నెలా వస్తది.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు *#06# కొట్టి 15 అంకెల ఐఎంఈఐ నంబరు చూడండి. సంచార్ సాథీలో ఆ నంబరు కొడితే ఫోన్ బ్లాక్ అయిందా, మోడల్ అదేనా అని తెలుస్తది. దొంగ ఫోన్ తక్కువ ధరకు వచ్చిందని మురిస్తే తర్వాత పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తది.

వీడియోలు తీసే తమ్ముళ్లకు

4కే కోసం పది వేలు ఎక్కువ పెట్టకండి. 4కే వీడియో నిమిషానికి సుమారు 350 ఎంబీ దాకా తింటది, 1080పీ అయితే 130 దగ్గర ఆగుతది. మన సిగ్నల్‌తో ఎక్కించేది ఎప్పుడు? చూసే రైతు కూడా డేటా మిగలాలని 360లోనో 480లోనో చూస్తడు. ఆ పైసల్లో కొంచెం పెట్టి కాలర్ మైక్ కొనండి. బొమ్మ మసకగా ఉన్నా చూస్తరు, గాలి హోరులో మాట వినపడకపోతే దాటేస్తరు. వైరు మైక్ వాడేవాళ్లు ఫోన్‌కు 3.5 ఎంఎం జాక్ ఉందో లేదో చూడండి, చాలా కొత్త మోడళ్లలో తీసేసిన్రు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, బడి మెట్లు ఎక్కనివాళ్లు కూడా, స్మార్ట్‌ఫోన్లు లేని కాలంలోనే వీడియో కెమెరా పట్టి విత్తనాల మీద, సేద్యం మీద సినిమాలు తీసిన్రు. ఒక ఎత్తు నుంచి తీస్తే పటేల్ షాట్ అన్నరు. ఎదుటి మనిషి కండ్ల ఎత్తులో తీస్తే సంఘం షాట్ అన్నరు. ఏ మనిషిని ఏ ఎత్తు నుంచి చూపాలె అనే తెలివి ఏ డబ్బాలోనూ రాదు.

చివరి పోలిక ఇంట్లోనే

ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోన్ ఎవరి జేబులో ఉంటది? చాలా ఇండ్లల్లో కొడుకు జేబులో. కొడుకు హైదరాబాద్‌లో ఉంటే ఫోనూ అక్కడే. ఓటీపీ వచ్చేది ఇక్కడ నాయన కీప్యాడ్ ఫోన్‌కు. పత్తి స్లాట్ కోసం పక్కింటి పోరగాన్ని బతిమాలాలె. కషాయం కాచేది, ఘన జీవామృతం కలిపేది, రోజూ చేను చూసేది ఇంటి ఆడమనిషి. పురుగు మొదట కనపడేది ఆమెకే. ఫొటో తీసి పంపడానికి ఆమె చేతిలో ఫోన్ ఉండదు.

అందుకే 25 వేలు పెట్టే స్తోమత ఉన్న ఇంటికి నా సలహా: ఒక్క ఫోన్ వద్దు, 12 వేల చొప్పున రెండు చూడండి. ఏడాది లెక్కలో కొంచెం ఎక్కువ పడొచ్చు, కానీ ఒకటి ఆమె పేరు మీద, ఆమె సిమ్‌తో, ఆమె చేతిలో ఉంటది. చేన్ల ఉండే మనిషి దగ్గర ఉన్న 12 వేల ఫోన్, ఊళ్లో లేని మనిషి దగ్గర ఉన్న 25 వేల ఫోన్ కన్నా ఆ చేనుకు ఎక్కువ పని చేస్తది.

ఎండలో చదివే పరీక్ష, ఆకు ఫొటో పరీక్ష వీడియోలో చేసి చూపించిన. అది చూసి, మీ దగ్గరున్న ఫోన్‌తో అవే చేసి, ఏం తేలిందో రాయండి. ధర ఎంత, ఎన్నేండ్ల నుంచి నడుస్తుంది అన్నది కూడా రాస్తే, కొనబోయే ఇంకో రైతుకు పనికొస్తది.