ఒమన్‌లో ఐటీకి మారాలంటే... కోర్సు కంటే ముందు వీసా చూసుకోండి

ఈ మధ్య మస్కట్‌లో మనవాళ్లు నలుగురు కలిసినచోట తరచూ వినిపిస్తున్న ప్రశ్న: ఏ కోర్సు చేస్తే ఐటీలోకి మారొచ్చు? అడిగేవాళ్లలో అకౌంటెంట్లు, స్టోర్‌కీపర్లు, సైట్ సూపర్‌వైజర్లు ఉన్నారు. బీటెక్ చదివి, పెళ్లయ్యాక ఫ్యామిలీ వీసా మీద వచ్చి ఇంట్లోనే ఉండిపోయిన అమ్మాయిలూ ఉన్నారు. అమీర్‌పేట ఆన్‌లైన్ బ్యాచ్‌లు ఇప్పుడు రూవి, ఘాలా ఫ్లాట్లలోకీ వచ్చేశాయి. ఒమన్ టైము గంటన్నర వెనక కాబట్టి హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదింటి క్లాసు ఇక్కడ ఏడున్నరకే మొదలవుతుంది. డ్యూటీ నుంచి వచ్చి కూర్చోవడానికి బాగానే కుదురుతుంది.

నేర్చుకోవడంలో ఇబ్బంది లేదు. నేర్చుకున్నాక ఇక్కడ ఆ పని చేయనిస్తారా అన్నదే అసలు ప్రశ్న.

2018 జనవరిలో ఒమన్ ప్రభుత్వం 87 రకాల ఉద్యోగాలకు విదేశీయులకు కొత్త వీసాలు ఆపేసింది. ఆ జాబితాలో ఐటీ ఉంది, అకౌంట్స్ ఉంది, సేల్స్ ఉంది. ఆరు నెలలకే అన్నారు, తర్వాత పొడిగించారు. 2024 సెప్టెంబరులో మరో 30 ఉద్యోగాలను ఒమనీలకే కేటాయిస్తూ కార్మిక శాఖ జాబితా ఇచ్చింది. సిస్టమ్స్ అనలిస్టు, నెట్‌వర్క్ స్పెషలిస్టు, కంప్యూటర్ మెయింటెనెన్స్ టెక్నీషియన్ వంటివి అందులో ఉన్నాయి. ఇది 2027 వరకు దశలవారీగా అమలవుతుంది.

దీన్ని మన మీద కక్షగా చూడటం సరికాదు. ఉద్యోగాల కోసం సొహార్‌లో 2011లోనూ, మళ్లీ 2021లోనూ ఒమనీ యువకులు రోడ్డెక్కారు. 2021లో సుల్తాన్ హైతమ్ 32 వేల ఉద్యోగాలు చూపించమని ఆదేశించాల్సి వచ్చింది. ఆ తర్వాత 'మకీన్' పేరుతో 10 వేల మంది ఒమనీ యువతకు డిజిటల్ పనులు నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. అంటే మనవాళ్లు రాత్రిపూట కూర్చుని నేర్చుకుంటున్న పనినే వాళ్ల పిల్లలకు ప్రభుత్వం దగ్గరుండి నేర్పిస్తోంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ముందుగా మూసుకుపోతున్నవి ఐటీలో కింది మెట్లు. పదేళ్లు అనుభవమున్న శాప్ కన్సల్టెంటునో, సెక్యూరిటీ నిపుణుడినో కంపెనీలు ఇప్పటికీ బయటి నుంచి తెచ్చుకుంటున్నాయి. కానీ నలభై ఏళ్లకు దగ్గరపడి కొత్తగా మారేవాడికి కావాల్సింది మొదటి మెట్టు. అదే లేకపోతే ఆరు నెలల కోర్సు ఎక్కడికి తీసుకెళ్తుంది?

'ఇక్కడ కాకపోతే హైదరాబాద్ ఉందిగా' అంటారు. అక్కడి లెక్కలూ చూద్దాం. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి సుమారు 64 వేల మంది సిబ్బంది తగ్గారు. 2025 జులైలో టీసీఎస్ మరో 12 వేల మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అనుభవమున్నవాళ్లే కాళ్లకు చెప్పులరిగేలా తిరుగుతుంటే, గల్ఫ్ నుంచి దిగిన ఫ్రెషర్ ఎవరికి కనిపిస్తాడు? దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఇప్పిస్తామనే వాళ్లు దొరుకుతారు. వెరిఫికేషన్‌లో పట్టుబడితే ఉన్న పేరూ పోతుంది, ఆ జోలికి వెళ్లకండి.

గత డిసెంబరు... అంటే 2025లో భారత్-ఒమన్ వాణిజ్య ఒప్పందంపై మస్కట్‌లో సంతకాలయ్యాయి. కంపెనీలు తమ సొంత ఉద్యోగులను ఇక్కడికి బదిలీ చేసే కోటా 20 నుంచి 50 శాతానికి పెరిగింది. కాంట్రాక్టు మీద వచ్చే నిపుణులు 90 రోజులకు బదులు రెండేళ్లు ఉండొచ్చు. మంచి వార్తే. అయితే దీని ఫలితం ముందుగా అందేది ఇండియాలో కంపెనీ జీతం మీద ఉన్నవాళ్లకు, రూవిలో ఉద్యోగం మారాలనుకునేవాళ్లకు కాదు.

మరి దారి లేదా? ఉన్న పనిని వదలకుండా దానికి ఐటీని కలుపుకోవడంలో ఉంది. ఒమన్‌లో 2021 ఏప్రిల్ 16 నుంచి 5 శాతం వ్యాట్ వచ్చింది. అప్పటి నుంచి వ్యాట్ రిటర్నులూ తెలిసి, ఒరాకిల్ గానీ ఒడూ గానీ నడపగలిగే అకౌంటెంటుకు విలువ పెరిగింది. వట్టి జావా నేర్చుకున్న అకౌంటెంటుకు అంత గిరాకీ లేదు. సొహార్, దుఖమ్ ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చేసే కుర్రాడికి పీఎల్‌సీ, స్కాడా ప్రోగ్రామింగ్ దగ్గరి చుట్టాలు. స్టోర్‌కీపరుకు ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్, డేటా రిపోర్టులు. ఇలా మారితే ఉన్న జీతమూ, ఏళ్ల అనుభవమూ పోవు. పేరుకు ఐటీ ఉద్యోగం కాకపోవచ్చు, పెళ్లి సంబంధాల్లో చెప్పుకోవడానికి అంత గొప్పగా ఉండకపోవచ్చు!

రెసిడెంట్ కార్డులో ఏ ఉద్యోగం రాసి ఉందో ఆ పనే చేయాలి. కార్డులో స్టోర్‌కీపర్ అని ఉండి ఐటీ పని చేస్తే తనిఖీలో దొరుకుతారు. కాబట్టి ఫీజు కట్టేముందు కంపెనీ పీఆర్వోని పట్టుకుని, ఆ ఉద్యోగానికి ఇప్పుడు పర్మిట్ వస్తుందో లేదో అడగండి. అడగడానికి రియాలు కూడా ఖర్చు కాదు.

రాజీనామా చేసి నేర్చుకుందామనే ఆలోచన మాత్రం వద్దు. 2021 జనవరి నుంచి ఎన్‌ఓసీ బాధ తప్పిన మాట నిజం. కాంట్రాక్టు పూర్తయితే పాత కంపెనీ దయ లేకుండానే మారొచ్చు. కానీ మారడానికి చేతిలో కొత్త ఆఫర్ ఉండాలి. 2023 కార్మిక చట్టం ప్రకారం గ్రాట్యుటీ ఏడాదికి ఒక నెల బేసిక్. ఎనిమిదేళ్లు చేసినవాడికి వచ్చేది కొన్ని నెలల బేసిక్ మాత్రమే. అందులోంచి ఇంటి అద్దె, పిల్లల స్కూలు ఫీజులు, ఊళ్లో బ్యాంకు ఈఎంఐ తీసేస్తే కోర్సు అయ్యేలోపే ఖాళీ.

ఇంట్లో ఉన్న ఇల్లాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్లు నేర్చుకుంటే పోయే జీతం లేదు, పైగా చదివింది అదే. వాళ్లకూ ఇక్కడ ఉద్యోగం చేయాలంటే వర్క్ పర్మిట్ ఇచ్చే కంపెనీ కావాలి. ఇంటర్వ్యూలో మొదట అడగాల్సింది జీతం గురించి కాదు, పర్మిట్ ఏ ఉద్యోగం పేరు మీద తీస్తారని.