ఇంకో పన్ను పీకించుకునే ముందు ఆగండి

పన్ను పీకించుకున్నారు. పుండు మానింది. చిగురు పూడుకుంది. మూడు నెలలు దాటినా నొప్పి మాత్రం పోలేదు. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. అయినా పక్క పన్ను కూడా తీయించేద్దామని బయల్దేరుతున్నారా? ఆ పని చేయకండి. రావికమతం, కొత్తకోట, రోలుగుంట, వడ్డాది చుట్టుపక్కల వాళ్ళకు ఈ మాట గట్టిగానే చెప్పాల్సి వస్తోంది. పీకిన పన్ను మళ్ళీ రాదు, నొప్పి మాత్రం అక్కడే ఉండిపోవచ్చు.

బీఎన్ రోడ్డు మీద నర్సీపట్నం పోయే బస్సులో ఒకావిడను చూశాను. మండుటెండలో కిటికీ మూయించింది. వెనక సీట్ల వాళ్ళు విసుక్కున్నారు. గాలి తగిలితే చెంప లాగేస్తుందట. తువ్వాలు చెవి దాకా చుట్టుకుని, ఆ రోడ్డు గోతుల్లో బస్సు ఎగిరినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుంటోంది. ఎందుకమ్మా అనడిగితే కొంగు ముడి విప్పి చూపించింది. కాగితం పొట్లంలో మూడు దవడ పళ్ళు. ఒకదానికి పిప్పి పట్టి ఉంది. మిగతా రెండూ నిక్షేపంలా ఉన్నాయి. "ఇది పీకించాక నొప్పి పక్కదాంట్లోకి వచ్చింది బాబూ. దాన్నీ పీకించాను. మళ్ళీ దాని పక్కదాంట్లోకి వచ్చింది" అంది. ఆరు నెలలుగా గంజి, అంబలి తప్ప మరేమీ తినలేదట. ఇప్పుడు నాలుగోది తీయించుకోవడానికే వెళ్తోంది.

నొప్పి పక్క పన్నులోకి నడిచి వెళ్ళదు. ముఖానికి స్పర్శనిచ్చే నరం ట్రైజెమినల్. కుడికొకటి, ఎడమకొకటి. ఒక్కొక్కటీ మూడు పాయలై నుదుటికి, పై దవడకు, కింది దవడకు పోతుంది. ప్రతి పంటి వేరులోకీ దాని సన్నటి తీగే వెళ్తుంది. పన్ను పీకినా, రూట్ కెనాల్‌లో లోపలిది తీసేసినా ఆ తీగ కొస తెగుతుంది. చాలామందికి అది మానిపోతుంది. కొద్దిమందికే మానదు. తెగిన కొస, దాని కబురు అందుకునే మెదడు దారి, రెండూ గాయం ఇంకా పచ్చిగా ఉన్నట్టే మోగుతూ ఉంటాయి. కాలు తీసేసిన మనిషికి లేని వేలు సలిపినట్టే లేని పన్నూ సలుపుతుంది. అలాంటప్పుడు ఇంకో పన్ను పీకడమంటే ఇంకో కొస తెంపడమే.

ఇది మనిషి కల్పించుకున్న బాధ కాదు. ముఖం నొప్పుల మీద 2020లో వచ్చిన అంతర్జాతీయ వర్గీకరణ దీనికి చోటిచ్చింది. నరం దెబ్బతిన్నాక వచ్చే నొప్పి ఒకటి. కారణం దొరకకపోయినా రోజూ రెండు గంటలకు మించి, మూడు నెలలకు పైగా సాగే ముఖం నొప్పి మరొకటి. కానీ "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్న మాట ఇంటికొచ్చేసరికి "వేషాలేస్తోంది" అయిపోతుంది. ఎక్స్‌రేకు ఎముక కనిపిస్తుంది, నరం పడే బాధ కనిపించదు.

అలాగని ప్రతి నొప్పినీ నరం మీదికి నెట్టడం కూడా తప్పే. రూట్ కెనాల్‌లో ఒక కాలువ మిగిలిపోయి ఉండొచ్చు, వేరు చీలి ఉండొచ్చు, పై దవడ నొప్పికి సైనస్ కారణం కావొచ్చు. నోరు తెరిస్తే చెవి ముందు టక్కుమంటుంటే దవడ కీలును చూడాలి. అందుకే పళ్ల డాక్టరును ఒక్కటి అడగండి: అనుమానమున్న పంటికి మత్తిస్తే నొప్పి పోతోందా? పోకపోతే దాని మూలం వేరేచోట ఉండొచ్చు. ముఖం కడుక్కున్నా, బ్రష్ తగిలినా కరెంటు షాకులా క్షణాల పాటు కొట్టి ఆగిపోయేది ట్రైజెమినల్ న్యూరాల్జియా. సల్మాన్ ఖాన్ తనకు ఉందని బయటికి చెప్పుకున్నదీ ఇదే. దాన్ని పంటి పోటనుకుని మంచి పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

పన్ను పీకించడంలో ఆగమన్నాను. కానీ కొన్నిటిలో ఒక్క పూట కూడా ఆగకూడదు. మత్తు సాధారణంగా కొన్ని గంటల్లో దిగిపోతుంది. జ్ఞానదంతం తీయించుకున్నాకో, ఇంప్లాంట్ వేయించుకున్నాకో, రూట్ కెనాల్ అయ్యాకో మర్నాడు పొద్దుటికీ కింది పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే అదే రోజు ఆ డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఇంప్లాంట్ మర నరాన్ని నొక్కుతుంటే దాన్ని మొదటి 24 నుంచి 36 గంటల్లోపే తీయడం మేలు. "వారం చూద్దాం" అంటే ఆ అవకాశం దాటిపోతుంది. దవడ కింద వాచి, జ్వరం వచ్చి, నోరు తెరుచుకోక, మింగుడు పడకపోతే 108కి ఫోన్ చేయండి, ఊపిరి ఆగే ప్రమాదముంది. దవడ నొప్పితో పాటు చెమటలు, ఛాతీ బరువు ఉంటే అది గుండెపోటు కావొచ్చు.

మన ప్రాంతానికే చెందిన మాట మరొకటి ఉంది. అడ్డపొగ. చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు మన పెద్దవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో ఇంకా ఉంది. అంగిలికి క్యాన్సర్ తెచ్చే అలవాటిది. వాళ్ళకు నోట్లో పుండు రెండు మూడు వారాలైనా మానకపోయినా, గడ్డం తిమ్మిరెక్కినా నొప్పి మాత్రలతో సరిపెట్టకండి, వెంటనే పెద్దాసుపత్రిలో చూపించండి.

నరం నొప్పికి డైక్లోఫెనాక్ సూదులు పెద్దగా పనిచేయవు. వాటితో పాడయ్యేవి కిడ్నీలూ కడుపూ. షాకులా కొట్టే నొప్పికి 1962 నుంచీ వాడుతున్న మందు కార్బమాజెపిన్. బాగా పనిచేస్తుంది. కానీ దుకాణంలో అడిగి కొనుక్కునేది కాదు. కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, నోట్లో పుళ్ళు వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. అలా కనిపిస్తే మందు ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఎడతెగని సలుపుకు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాస్తారు. అది డిప్రెషన్ మందని ఎవరో చెబితే "నాకు పిచ్చా?" అని చీటీ చింపేసినవాళ్ళున్నారు. అదే మందు నరం గోలను కూడా తగ్గిస్తుంది. వారాలు పడుతుంది, మొత్తం పోకపోవచ్చు. అయినా నిద్ర పట్టి, నాలుగు ముద్దలు నమలగలిగితే అది చిన్న సంగతి కాదు.

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో పళ్ళను అందంగా చేయించుకోబోయి 28 ఏళ్ల పెళ్ళికొడుకు చనిపోతే దేశమంతా మాట్లాడుకుంది. ఏళ్ల తరబడి చెంప పట్టుకుని తిరిగేవాళ్ళ గురించి ఏ పేపరూ రాయదు. పళ్ల డాక్టర్లకూ ఒక విన్నపం: కారణం కనిపించనప్పుడు పట్టకారు పక్కన పెట్టి, నరాల డాక్టరుకు ఒక చీటీ రాసివ్వండి. దానివల్ల మీ పేరేమీ తగ్గదు.

ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా రెండో పన్నో మూడో పన్నో పీకించుకోవడానికి సంచి సర్దుకుంటుంటే వాళ్ళను ఆపండి. పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, ఏ పన్ను ఏ తేదీన తీశారో రాసిన కాగితం అదే సంచిలో పెట్టండి. విశాఖ కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. ముందు అక్కడికి తీసుకెళ్ళండి.