పోయినవాళ్ళు పిలకలై వస్తారా?

పెరట్లో అరటిచెట్టు ఉన్న ప్రతి ఇల్లాలికీ క్లోనింగ్ అంటే ఏమిటో తెలుసు. ఆ పేరు తెలియకపోవచ్చు, అంతే. గెల కోసి తల్లిచెట్టును కొట్టేసేలోపునే మొదట్లో పిలక లేచి నిలబడుతుంది. విత్తనంతో పనిలేదు, పుప్పొడితో పనిలేదు. తల్లి చక్కెరకేళి అయితే పిల్లా చక్కెరకేళే. అంటు కట్టిన బంగినపల్లి మామిడి సంగతీ ఇంతే. టెంక పాతితే ఎలాంటి కాయ కాస్తుందో ఎవరూ చెప్పలేరు గాని, అంటు మొక్క మాట తప్పదు. క్లోన్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం కూడా రెమ్మ అనే.

చెట్లకు ఇంత సులువైన పని, పాలిచ్చి పెంచే జంతువుల్లో, అందులోనూ ఎదిగిన జంతువు కణం నుంచి, సాధ్యం కాదనే చాలాకాలం అనుకున్నారు. స్కాట్లండులో ఎడింబరో దగ్గరి రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు 1996 జూలై 5న ఆ మాటను అబద్ధం చేశారు. వాళ్ళు ఆరేళ్ళ గొర్రె పొదుగులోంచి ఒక కణం తీసుకున్నారు. మరో గొర్రె అండంలోంచి కేంద్రకాన్ని తీసేసి, ఈ కణాన్ని దానితో కలిపి, కొద్దిగా విద్యుత్తు తగిలించారు. అండం తాను ఫలదీకరణ పొందినట్లే భ్రమించి పెరగనారంభించింది. మూడో గొర్రె దాన్ని కడుపున మోసింది. అలా పుట్టిందే డాలీ. తండ్రి లేడు గాని, తల్లులు చూడబోతే ముగ్గురు!

కథ ముచ్చటగానే ఉంది. ఇక లెక్క చూడండి. 277 అండాలతో ప్రయత్నిస్తే నిలిచిన పిండాలు 29. వాటిని 13 గొర్రెల గర్భాల్లో పెట్టారు. పుట్టిన పిల్ల ఒక్కటంటే ఒక్కటి. 2018లో చైనావారు ఈ పద్ధతినే కోతుల్లో సాధించామని ప్రకటించారు. అక్కడా 79 పిండాలను 21 ఆడకోతుల్లో పెడితే దక్కినవి రెండు పిల్లలు. మన దేశంలో, కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరిలో ఇలా పుట్టిన మొదటి గేదెదూడ కొద్దిరోజులకే కన్నుమూసింది. ఆ తరువాత పుట్టినవాటిలో గరిమ-2 అనేది పెరిగి పెద్దదై, 2013లో తానూ ఈనింది.

పశువుల విషయంలో దీన్ని నష్టం అని వ్రాసుకుని ఊరుకోవచ్చు. మనుషుల్లో అయితే, నిలవని ఆ గర్భాలన్నీ ఆడవాళ్ళు మోసినవి. నాలుగు రోజులు బ్రతికి పోయేది ఒక ఇంటి బిడ్డ. అందుకే భారత వైద్య పరిశోధన మండలి నియమావళి మనిషిని ఈ పద్ధతిలో పుట్టించడాన్ని నిషేధించింది.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, “రేపు ఈ ప్రమాదాలన్నీ తొలగిపోతే, మా వాణ్ణి మళ్ళీ నాకు ఇవ్వగలరా?” అని అడిగితే ఏం చెబుతారు? ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

దానికి జవాబు అమెరికాలో ఒక పిల్లి చెప్పింది. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలో మూడు రంగుల పిల్లి నుంచి 2001 డిసెంబరులో ఒక క్లోన్ పిల్లను పుట్టించారు. తల్లికి ఉన్న నారింజ రంగు మచ్చ ఒక్కటైనా పిల్లకు లేదు. ఆడపిల్లి ఒంట్లో ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. వాటిలో ఒకటి నిద్రపోతుంది. పిల్లను చేయడానికి తీసుకున్న కణంలో నారింజ రంగు తెచ్చేది నిద్రలో ఉండిపోయింది. బొచ్చు రంగే మళ్ళీ రానప్పుడు, నవ్వూ, అలకా, అమ్మ కొంగు పట్టుకునే తీరూ ఎక్కడినుంచి వస్తాయి?

అంత దూరం పోనక్కరలేదు. ఒకే అండం చీలి పుట్టిన కవలలు ప్రకృతి చేసిన క్లోన్లే గదా! వాళ్ళ వేలిముద్రలే ఒకటి కావు. ఆ ఇద్దరిలో ఒకడు పోతే, అచ్చం అలాంటివాడే ఇంకొకడున్నాడని ఏ తల్లి అయినా ఊరుకుందా?

ఇక రాబోయే బిడ్డ తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. మనం మనవడికి తాత పేరు పెట్టుకుంటాం, తాత పోలికేనని మురిసిపోతాం. వాడు పెద్దయి తాతకు నచ్చని పని చేసినా ఎవరూ తప్పుపట్టరు. పేరు మోయడం వేరు, బ్రతుకు మోయడం వేరు. పోయినవాడికి బదులుగా వచ్చిన బిడ్డకు ఆ వెసులుబాటు ఉండదు. “అన్నకు లెక్కలు బాగా వచ్చేవే, నీకేమైంది?” అనే మాట పుట్టకముందే వాడి నెత్తిన ఉంటుంది. తనకంటూ ఒక ఇష్టం కలిగినప్పుడల్లా వాడు ఇంట్లో ఎవరో ఒకరిని నిరాశపరచవలసి వస్తుంది.

అందుచేత ఆ తల్లితో నేను చెప్పగలిగింది ఇంతే. అమ్మా, మళ్ళీ బిడ్డ కావాలనిపిస్తే కనండి, లేదా తెచ్చి పెంచుకోండి. కాని వచ్చేవాణ్ణి కొత్తవాడిగానే రానివ్వండి.