ఈదమ్మ అంటే అర్థం ఏ లిస్టులో ఉంది?

మాది నల్లమల కింద చెంచు గూడెం. బతుకుతెరువుకి పొదిలి వచ్చాం. మొన్న మా అక్కకి పాప పుట్టింది. పేరు కోసం బావ ఫోన్‌లో ఆడపిల్లల పేర్ల లిస్టు తీశాడు. సోఫియా, గ్రీకు పేరు, జ్ఞానం అని అర్థం. సారా, హీబ్రూ, రాకుమారి. ఆయేషా, అరబ్బీ, జీవంతో ఉన్నది. సంస్కృతం పేర్లయితే వేలకి వేలు. మా అమ్మ మూలన కూర్చుని, "మీ అవ్వ పేరు పెట్టండి, ఈదమ్మ అని" అంది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి బావే, "బళ్లో ఎగతాళి చేస్తారత్తా" అన్నాడు.

బావని తప్పు పట్టను. ఆ ఎగతాళి ఆయనా పడ్డాడు, నేనూ పడ్డా. కానీ ఎగతాళి చేసినోణ్ణి వదిలేసి పేరుని ఎందుకు చంపుకుంటున్నాం?

ఈదమ్మ నల్లమల చెంచుల దేవత. లింగమ్మ అంటే సలేశ్వరం లింగమయ్య పేరు. సుగాలి తండాలో సోమ్లీ అంటే సోమవారం పుట్టిన పిల్ల, మంగ్లీ అంటే మంగళవారం పిల్ల. ఎరుకలోళ్లకి నాంచారమ్మ తల్లి. అర్థం లేని పేరు ఇందులో ఒక్కటి చూపించండి! లేనిది అర్థం కాదు, ఆ లిస్టు రాసే చోట మనోళ్లు లేరు.

ఇంకో మాట. ఒంగోలు, నెల్లూరు వైపు పొలాలున్న కుటుంబాల్లో తరతరాలుగా చెంచయ్యలు, చెంచురామయ్యలు ఉన్నారు. అహోబిలం నరసింహస్వామి పెళ్లాడింది చెంచులక్ష్మినే. 1958లో అంజలీదేవి ఆ పాత్ర వేస్తే జనం ఎగబడి చూశారు. దేవుడి భార్యగా చెంచు కావాలి, సినిమాకి కావాలి, తాత పేరుకి కావాలి. అదే చెంచు పిల్ల క్లాసులో పక్కన కూర్చుంటే మాత్రం జరిగి కూర్చుంటారు. అంటే పేరుతో పేచీ లేదు, పేచీ మనుషులతోనే.

ఇది మనసు నొప్పితో పోయేది కాదు. మా చెల్లెలు లింగమ్మ. బళ్లో చేర్చిన రోజు ఒక సారు "ఇదేం పేరు" అని లావణ్య అని రాసేశాడు. ఆధార్‌లో లింగమ్మ. కుల ధ్రువీకరణ పత్రానికి పోతే రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు తెమ్మన్నారు. మా నాయన ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నాడో లెక్కలేదు. ఆ ఏడు స్కాలర్‌షిప్ రాలేదు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు. సారుకి ఒక్క గీత, మాకు ఏళ్ల తిరుగుడు.

కెనడాలో ఇన్యూట్ ఆదివాసీల పేర్లు అధికారులకి నోరు తిరగడం లేదని 1940లలో మెడలో నంబరు బిళ్లలు వేశారు. మనకి బిళ్ల వెయ్యలేదు, పేరే తీసేశారు.

అందుకే ఇప్పుడు జాగ్రత్తగా ఉండాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికైనా, ఆధార్‌కైనా జనన ధ్రువపత్రమే ఆధారం. అక్కడ మొదట ఏం రాశారో అదే వెంట వస్తుంది. పేరు ఖాయం కాకపోతే తొందరపడొద్దు, పుట్టుక నమోదు చేయించి తర్వాత పేరు చేర్పించొచ్చు, చట్టంలో ఆ వీలుంది. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దగ్గరుండి అక్షరం అక్షరం చూడండి. బడికీ ఆఫీసుకీ మన డిమాండ్ ఒక్కటే: తల్లి చెప్పిన పేరే రాయాలి.

పాత పేర్లే పెట్టమని నేను ఎవరి మీదా పెత్తనం చెయ్యను. లావణ్య పెట్టుకోండి, సోఫియా పెట్టుకోండి. ఇష్టపడి పెట్టుకోండి, సిగ్గుపడి మాత్రం వద్దు.

మార్కాపురం పలక మీద ఎందరి పిల్లలో అక్షరాలు దిద్దారు. మన నేల రాయి మీద మన పేరుకి చోటు లేదా?

మీ అవ్వ పేరేంటి, దాని అర్థమేంటి, కింద రాయండి. ఆ లిస్టు మనమే మొదలుపెడదాం. మొదటి పేరు నాది: మా అక్క కూతురు ఈదమ్మ.