పొగగొట్టంలో పోయే బొగ్గు

పిల్లలూ! మట్టిపొయ్యి మీద వంట చేసే ఇళ్ళలో ఒక తమాషా చూడవచ్చు. కొన్ని పొయ్యిలకు ముందు ఒక పెద్ద నోరు, దాని వెనక ఒక చిన్న నోరు ఉంటాయి. పెద్ద నోటి మీద అన్నం ఉడుకుతూ ఉంటే, ఆ గిన్నెను తాకి వెనక్కు పోయే మంట చిన్న నోటి మీది తప్పేలాలో నీళ్ళు కాచిపెడుతుంది. ఆ నీళ్ళ కోసం ఒక్క పుల్ల కూడా అదనంగా పెట్టనక్కర్లేదు. ఎట్లాగూ బయటికి పోయే వేడిని దారిలో పట్టుకుని పని చేయించుకుంటున్నాం.

ఇంటి పొయ్యిలో ఈ మిగులు నాలుగు పుల్లలు. కాని ఇనుము తీసే పెద్ద కొలుములలో అది కొండలంత బొగ్గు. ఆ బొగ్గును ఎట్లా మిగిల్చారో ఈ నెల చెప్పుకుందాం.

ఇనుము మనకు గనులలో ఇనుముగా దొరకదు. ఆమ్లజనితో, అంటే ఆక్సిజన్‌తో కలిసి తుప్పు రంగు రాయిగా దొరుకుతుంది. ఆ రాతి నుంచి ఇనుమును విడదీయటానికి గోపురమంత ఎత్తు కొలిమి కడతారు. దాన్ని బ్లాస్టు ఫర్నేసు అంటారు. పైనుంచి ఖనిజమూ, కోకూ, సున్నపురాయీ వేస్తారు. కోకు అంటే నేలబొగ్గును గాలి తగలకుండా కాల్చి తీసిన గట్టి బొగ్గు. కిందినుంచి గాలిని బలంగా ఊదుతారు. మన ఊరి కమ్మరి తిత్తి ఊదటం లాంటిదే ఇదీ. కాని ఇక్కడ ఒక టన్ను ఇనుము తీయాలంటే టన్నుకు మించి గాలి ఊదాలి!

ఆ గాలి చల్లగా ఉండాలా, వేడిగా ఉండాలా?

రెండువందల ఏళ్ళ క్రితం బ్రిటన్‌లో కొలుములు నడిపినవారిని ఈ ప్రశ్న అడిగితే, ‘‘ఇది కూడా తెలియదా? గాలి ఎంత చల్లగా ఉంటే అంత మంచిది,’’ అని జవాబిచ్చేవారు. వారి మాటకు ఆధారం లేకపోలేదు. చలికాలంలో కొలిమి ఎక్కువ ఇనుము ఇచ్చేది. ఎండాకాలంలో తగ్గిపోయేది. ఇది వారు ఏటేటా కళ్ళారా చూస్తున్న సంగతి. అందుచేత కొందరు గాలి గొట్టాలకు తెల్లరంగు వేసి ఎండ వేడి తగలకుండా చూసేవారు. కొందరు గాలిని చన్నీళ్ళ మీదుగా పంపేవారు. గొట్టాల చుట్టూ మంచు పేర్చినవారు కూడా ఉన్నారు!

వారు చూసింది నిజమే. చెప్పుకున్న కారణం మాత్రం తప్పు. ఎండాకాలపు గాలిలో నీటి ఆవిరి ఎక్కువ. ఆ ఆవిరి కొలిమిలోకి పోయి, మండే కోకును తాకి విడిపోతుంది. అట్లా విడిపోవటానికి చాలా వేడిని మింగేస్తుంది. చలికాలపు గాలిలో తేమ తక్కువ గనక ఆ నష్టం తక్కువ. పైగా చల్లని గాలి చిక్కగా ఉంటుంది. ఊదే యంత్రం అంతే తిరిగినా ఎక్కువ గాలి లోపలికి పోతుంది. అంటే మేలు చేసింది చలి కాదు, తేమ లేకపోవటమూ గాలి చిక్కదనమూను. ఈ రెండూ చలితో కలిసి వచ్చాయి గనక ఘనత అంతా చలికి దక్కింది.

ఈ చిక్కు విడదీసినవాడు జేమ్స్ బ్యూమాంట్ నీల్సన్. ఈయన 1792లో స్కాట్లండ్‌లో గ్లాస్గో నగరం దగ్గర పుట్టాడు. తండ్రి బొగ్గుగనిలో యంత్రాలు చూసుకునేవాడు. నీల్సన్ పెద్ద చదువులు చదివినవాడు కాదు. గ్లాస్గోలో దీపాల కోసం గ్యాసు తయారు చేసే కార్ఖానాలో ఫోర్‌మన్‌గా చేరి, తరవాత మేనేజరయ్యాడు. పని చేస్తూనే రసాయనశాస్త్రం నేర్చుకున్నాడు. తన దగ్గర పనిచేసే కూలీల కోసం కూడా గ్రంథాలయమూ, పాఠాలూ ఏర్పాటు చేశాడు.

ఒకసారి ఒక కొలిమి విషయం ఆయన దగ్గరికి వచ్చింది. గాలి ఊదే యంత్రం అరమైలు దూరాన ఉండటంచేత కొలిమికి గాలి చాలటం లేదట. ‘‘గాలిని కొలిమి దగ్గర వేడి చేస్తే అది వ్యాకోచిస్తుంది గదా, అప్పుడు బలం చాలుతుందేమో,’’ అని నీల్సన్‌కు తోచింది. ముందు గ్యాసు దీపానికి వేడిగాలి అందించి చూశాడు. వెలుగు హెచ్చింది. తరవాత మామూలు కమ్మరి కొలిమిలోకి వేడిగాలి ఊది చూశాడు. నిప్పు మునుపటికంటే ఎంతో తీవ్రంగా మండింది. 1828లో ఆయన తన పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు.

కాని పెద్ద కొలిమి మీద ప్రయోగం చేయనిచ్చేదెవరు? చల్లగాలే మంచిదని నమ్మేవారు తమ కొలిమిలోకి వేడిగాలి పోనిస్తారా? చివరకు గ్లాస్గో దగ్గరి క్లైడ్ ఇనుప కార్ఖానాలో అవకాశం దొరికింది. అక్కడి లెక్కలు చూడండి.

1829లో చల్లగాలితో పనిచేసినప్పుడు ఒక టన్ను ఇనుముకు 8 టన్నుల పైచిలుకు నేలబొగ్గు అయింది. ఆ బొగ్గును కోకుగా మార్చి వాడేవారు. 1830లో గాలిని సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడుకు కాచి ఊదారు. బొగ్గు 5 టన్నుల పైచిలుకుకు దిగింది. అంటే దాదాపు 2.9 టన్నులు తగ్గింది. గాలిని కాచటానికి అయిన బొగ్గు 0.4 టన్ను మాత్రమే. అది తీసివేసినా రెండున్నర టన్నులు మిగిలాయి! 1833 నాటికి గాలి వేడి 315 డిగ్రీలకు చేరింది. అప్పుడు బొగ్గును కోకుగా మార్చకుండా నేరుగా వాడటం కూడా వీలయింది. టన్ను ఇనుముకు రెండుంపావు టన్నుల బొగ్గు సరిపోయింది.

లెక్కల్లో చురుకైన పిల్లలు ఇక్కడ నన్ను నిలదీయాలి: ‘‘మాస్టారూ, 0.4 టన్ను ఖర్చు పెడితే 2.9 టన్నులు ఎట్లా తగ్గుతాయి? ఇది గారడీ కాదా?’’

గారడీ కాదు. పొలానికి నీళ్ళు పెట్టటం గుర్తు తెచ్చుకోండి. కాలువ నిండా నీరున్నా, గట్టుకు పైన ఉన్న నీరే చేనులోకి పారుతుంది. గట్టు మీద జానెడు నీరు ఉన్నదనుకోండి. మరో జానెడు పెరిగితే కాలువలో మొత్తం నీరు పెరిగింది కొంచెమే. కాని చేనుకు పారే నీరు రెట్టింపుకు తగ్గదు. కొలిమిలోనూ అంతే. ఇనుము కరగాలంటే వేడి ఒక మట్టాన్ని దాటాలి. ఆ మట్టానికి కింద ఉన్న వేడి ఎంత ఉన్నా కరిగించే పనికి రాదు. గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజని. అది మండదు, మండనివ్వదు. ఊరికే వేడెక్కి బయటికి పోతుంది. దాన్ని వేడెక్కించటానికే కోకులో చాలా భాగం పోయేది. గాలిని ముందే కాచి పంపితే నిప్పు గట్టు దాటి పైకి లేస్తుంది.

ఇంత లాభం కనపడగానే చాలామంది వేడిగాలి వాడసాగారు. కొందరు నీల్సన్‌కు ఇవ్వవలసిన సొమ్ము ఎగవేశారు. ఏళ్ళ తరబడి దావాలు నడిచి, 1843లో నీల్సన్ గెలిచాడు.

కాని ఇంకా ఒక లోపం మిగిలే ఉన్నది. గాలిని కాచటానికి నీల్సన్ వేరే పొయ్యి పెట్టి, వేరే బొగ్గు కాల్చాడు. అదే సమయంలో కొలిమి నెత్తిమీద నుంచి వాయువులు రాత్రింబగళ్ళు మండుతూ ఆకాశంలోకి పోతున్నాయి! ఆ వాయువులలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. అది పీలిస్తే విషమే; కాని మండితే వేడినిస్తుంది. ఆ వాయువును పట్టుకుని కొలిమికి పోయే గాలినే కాస్తే? జర్మనీలో ఫాబర్ దు ఫావుర్ అనే ఆయన 1830ల దశకంలో ఈ పని చేశాడు. ఆ తరవాత 1857లో ఇంగ్లండులో ఎడ్వర్డు కౌపర్ ఇంకా మంచి ఉపాయం పట్టాడు.

కాళ్ళు నొప్పి పెడితే మీ అమ్మమ్మ ఇటుకను నిప్పుల్లో కాల్చి, గుడ్డలో చుట్టి కాపడం పెట్టుకోవటం చూశారా? ఇటుక వేడిని దాచుకుని మెల్లిగా ఇస్తుంది. కౌపర్ ఉపాయం అదే. లోపల గూళ్ళుగూళ్ళుగా ఇటుకలు పేర్చిన పెద్ద స్తంభాలు కడతారు. మొదటి స్తంభంలో కొలిమి వాయువును మండించి ఇటుకలను కాలుస్తారు. అవి కాలాక మంట రెండో స్తంభానికి మార్చి, మొదటి దానిలో నుంచి చల్లగాలిని పంపుతారు. గాలి ఇటుకల వేడి తీసుకుని కొలిమిలోకి పోతుంది. మొదటి స్తంభం చల్లారేసరికి రెండోది సిద్ధం. ఒకటి తీసుకుంటూ ఉంటే ఒకటి ఇస్తూ ఉంటుంది. ఇవాళ ఇటువంటి స్తంభాలు గాలిని 1000 డిగ్రీలు దాటించి పంపుతున్నాయి.

ఈ వంతుల పద్ధతిని కౌపర్‌కంటే ముందు, 1856లో, ఫ్రెడరిక్ సీమెన్స్ పేటెంటు చేశాడు. ఆయనా, అన్న విలియమూ కలిసి దాన్ని గాజు కరిగించే కొలుములకూ, ఉక్కు కొలుములకూ అమర్చారు. మహాశాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంత్రాలు ఉపన్యాసాలు ఇచ్చేవాడు. 1862లో ఆయన ఇచ్చిన చివరి శుక్రవారపు ఉపన్యాసానికి విషయం సీమెన్స్ సోదరుల గ్యాసు కొలిమే!

ఇప్పుడు మన విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికి వద్దాం. అక్కడి బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చక్కని పేర్లు పెట్టారు. గోదావరి 1990లో పని ఆరంభించింది. వీటికి కావలసిన కోకు, బట్టీలలో నుంచి బయటికి వచ్చేటప్పుడు సుమారు 1000 డిగ్రీల వేడితో ఎర్రగా ఉంటుంది. దాన్ని చల్లార్చటానికి పాత పద్ధతి నీళ్ళు గుమ్మరించటం. బుస్సుమని తెల్లని ఆవిరి మేఘంలా లేస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది. కాని కోకులోని వేడి అంతా ఆ మేఘంతో ఎగిరిపోతుంది. విశాఖలో అట్లా కాకుండా, ఎర్రని కోకును మూసిన గదిలో పోసి నత్రజనిని దాని గుండా తిప్పే ఏర్పాటు చేశారు. గాలిని తిప్పితే కోకు మండిపోతుంది. నత్రజనితో ఆ భయం లేదు. పైన మనం తిట్టుకున్న నత్రజని ఇక్కడ ఎంత ఉపకారం చేస్తున్నదో చూడండి! వేడెక్కిన నత్రజని బాయిలరు దగ్గరికి పోయి నీళ్ళను ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి టర్బైను తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. చల్లారిన నత్రజని మళ్ళీ కోకు దగ్గరికి వస్తుంది.

అయితే పోయే వేడినంతా పట్టుకోగలమా? లేము. వేడి తనంతట తాను ఎక్కువ వేడి ఉన్నచోటి నుంచి తక్కువ వేడి ఉన్నచోటికే పోతుంది. గోరువెచ్చని పొగతో ఇనుము కరిగించలేము. అందుకే వేడి ఎంత ఉన్నదో అన్నది ఒక ప్రశ్న, ఏ మట్టంలో ఉన్నదో అన్నది మరో ప్రశ్న. మంచి ఇంజనీరు రెండూ అడుగుతాడు.

ఇంకొక మాట. ‘చలికాలంలో ఇనుము ఎక్కువ’ అన్నది నూరుమంది చూసిన నిజం. ‘చలివల్లనే’ అన్నది ఎవరూ పరీక్షించి చూడని మాట. ఈ రెంటికీ తేడా తెలియకపోవటంచేత ఎన్నో ఏళ్ళు ఎంతో బొగ్గు బూడిదయింది. మీకు ఎవరైనా ‘అందుకే’ అని చెప్పినప్పుడు, ‘అందుకేనా?’ అని ఒక్కసారి పరీక్షించి చూడండి.

ఈ నెల ప్రశ్న: ఒక గిన్నెలో 80 డిగ్రీల వేడి నీళ్ళు ఒక లీటరు, ఇంకొక గిన్నెలో 20 డిగ్రీల చన్నీళ్ళు ఒక లీటరు ఉన్నాయి. చన్నీళ్ళ గిన్నెను వేడి నీళ్ళలో ఉంచితే చివరకు రెండూ 50 డిగ్రీల దగ్గర ఆగుతాయి. గిన్నెలు మింగే వేడినీ, గాలిలో పోయే వేడినీ లెక్కలోకి తీసుకోకండి. నీళ్ళు ఒకదానిలో ఒకటి కలపకుండా, వేరే నిప్పు పెట్టకుండా, చన్నీళ్ళన్నిటినీ 50 డిగ్రీలు దాటించటం సాధ్యమా? ముందు కాగితం మీద లెక్క వేయండి. ఆ తరవాత పెద్దలను పక్కన ఉంచుకుని చేసి చూడండి. ఒక చిన్న సూచన: వేడి నీళ్ళన్నీ ఒకే గిన్నెలో ఉండాలని ఎవరన్నారు?

జవాబు వచ్చే నెల.