కానరానిది లేనట్లేనా?

అరిష్టం సీసా లేని ఇల్లు మన పరిచయస్థులలో బహుశా అరుదు. బాలింతకు దశమూలారిష్టం, నీరసించినవారికి ద్రాక్షారిష్టం ఇచ్చుట తరతరాల వాడుక. మూత తీసి వాసన చూచి మందు మంచిచెడ్డలు చెప్పగల పెద్దలు నేటికీ ఉన్నారు. వారి అనుభవానికి నమస్కరిస్తూనే ఒక మాట మనవి చేయదలచినాను. ముక్కుకు అందని దోషాలు కొన్ని ఉన్నవి.

కషాయంలో బెల్లము, ధాతకీ పుష్పాలు చేర్చి పులియబెట్టగా అరిష్టం తయారగును. అందు సహజంగా ఏర్పడే మద్యసారం, అనగా ఇథనాల్, సాధారణంగా 5 నుండి 12 శాతం వరకు ఉండును. దీనిని పోలినదే మిథనాల్. అది కంటిచూపును, ప్రాణాన్ని కూడ హరించగల విషం. అరిష్టపు ఘాటులో ఈ రెండింటిని వాసనతో వేరుపరచుట సాధ్యం కాదు. గ్యాస్ క్రోమటోగ్రఫీ అనే పరీక్షకు అది సాధ్యం.

ఈ విద్య పుట్టినది ఆకుపసరు నుండియే. మిఖాయిల్ త్స్వెట్ అనే రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు గత శతాబ్ది ఆరంభంలో ఆకుపసరును సుద్దపొడి నింపిన గాజుగొట్టం గుండా పంపి, అందలి రంగులను పట్టీలుగా విడదీసినాడు. 1952లో జేమ్స్, మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని ఆవిరులకు విస్తరింపజేసిరి. సన్నని పొడవైన గొట్టంలో వాయువు వెంట నడచుచు ఒక్కొక్క ద్రవ్యం ఒక్కొక్క వేళకు బయటపడును. గొట్టం చివర కాపలా కాయునది డిటెక్టర్.

ఎక్కువగా వాడుకలో ఉన్న కాపలాదారు హైడ్రోజన్ మంట. మంటలో పడిన ద్రవ్యం అయాన్లుగా మారి స్వల్ప విద్యుత్తును పుట్టించును. దానిని కొలిచి ద్రవ్యం ఎంతయో లెక్కగట్టుదురు. మిథనాల్‌ను, వాములోని థైమాల్‌ను, లవంగంలోని యూజినాల్‌ను ఇది చక్కగా పట్టును. కాని నీరు దీనికి కానరాదు. మిథనాల్ మన శరీరంలో ఫార్మాల్డిహైడ్‌గా, పిదప ఫార్మిక్ ఆమ్లంగా మారి హాని చేయును. ఆ రెండింటి విషయంలోనే ఈ మంట దాదాపు గుడ్డిది.

ఈ కొరతను తీర్చునది ప్లాస్మా డిటెక్టర్. ఇది రక్తంలోని ప్లాస్మా కాదు. విద్యుత్తు తాకిడికి వెలిగే వాయువు. ఒక రకంలో క్వార్ట్జ్ గొట్టం వెలుపల విద్యుత్ పలకలు అమర్చి, లోపల ప్రవహించే హీలియంను వెలిగింతురు. పలకలకు ప్లాస్మా తగలదు కావున అవి అరగవు. 1857లో సీమెన్స్ ఓజోన్ తయారీకి వాడిన ఉపాయం కూడ ఇటువంటిదే. ఆ హీలియం వెలుగుకు హీలియం, నియాన్ తప్ప తక్కిన వాయువులు, ఆవిరులు అన్నియు అయాన్లుగా మారును. నీరు, ఫార్మాల్డిహైడ్, ఫార్మిక్ ఆమ్లం కూడ తప్పించుకొనలేవు.

అట్లని ఇది సర్వజ్ఞం కాదు. దీనికి అతి శుద్ధమైన హీలియం కావలెను. గొట్టంలోనికి కొంచెం గాలి చొరబడినను లెక్క తప్పును. పైగా సీసం, పాదరసం వంటివి ఈ పరీక్షకు అందవు. 2004లో వెలువడిన ఒక పరిశీలనలో, అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులలో 14 సీసం, పాదరసం లేక ఆర్సెనిక్ కలిగియున్నట్లు తేలినది. వాటికి వేరే పరీక్షలు అవసరం.

ఋషులు చెప్పిన మందును యంత్రంతో కొలుచుట అపచారమని కొందరందురు. నేను అంగీకరించను. వైద్యుడు నాడి పట్టి చూచుట రోగిని అవమానించుట కాదు గదా! పరీక్ష శాస్త్రాన్ని శంకించుట కాదు. శాస్త్రం పేరు పెట్టుకొన్న సీసాను శోధించుట.

“ప్రయోగశాలలో పరీక్షింపబడినది” అన్న ఒక్క మాటతో మనం తృప్తిపడరాదు. దేనికొరకు పరీక్షించిరి? ఏ పద్ధతిలో? ఆ పద్ధతికి ఏమి కానరాదు? ఈ మూడు ప్రశ్నలకు తయారీదారులు సీసాపై గాని, అడిగినవారికి జాబు ద్వారా గాని సమాధానమియ్యవలెను. ప్రతి మందుకు ఖరీదైన ప్లాస్మా యంత్రం అక్కరలేదు. మిథనాల్‌కు మంటయే చాలును. తగిన దోషానికి తగిన పరీక్ష జరిగినదా అన్నదే ముఖ్యం. బాలింత నోటికి అందించే చెంచాడు మందు విషయంలో ఈమాత్రం అడుగుట గృహిణికి హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడ.